క్లోమంలో వాపు, ఐజీజీ4 ఎక్కువ: ఆపరేషన్ చేయించాలా, స్టెరాయిడ్లు వాడాలా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారికి 61 ఏళ్లు, బరువు 60 కిలోలు. నెల రోజులుగా కామెర్లు, ఒళ్లంతా దురద ఉన్నాయి, నొప్పి మాత్రం పెద్దగా లేదు. ఐదారు కిలోలు తగ్గారు, ఎన్నడూ లేని షుగర్ కొత్తగా బయటపడింది. సీటీ స్కాన్‌లో క్లోమం, అంటే పాంక్రియాస్, తల భాగం లావెక్కిందని రాశారు. ఈఆర్‌సీపీ, అంటే నోటి ద్వారా ఎండోస్కోప్ దించి చేసే చికిత్స, చేసి పిత్తనాళంలో ప్లాస్టిక్ స్టెంట్, అంటే పిత్తం పోవడానికి సన్న గొట్టం, వేశారు. ఒక సర్జన్ ఇది క్యాన్సర్‌లాగే ఉందని, ఆలస్యం చేయకుండా క్లోమం తల తీసేసే విప్పుల్ ఆపరేషన్ చేయించమని అన్నారు. మరొక వైద్యుడు రక్తంలో ఐజీజీ4 అనే ప్రతిరక్షకం పరీక్ష చేయిస్తే 198 వచ్చింది కాబట్టి ఇది ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ కావచ్చునని, స్టెరాయిడ్లు మొదలుపెడదామని అన్నారు. ఎవరి మాట వినాలి, ఎన్నాళ్లు ఆగవచ్చు అన్నది మీ ప్రశ్న. పసరు మందు ఇప్పించమని బంధువులు పట్టుబడుతున్నారని కూడా రాశారు.

నా సమాధానం ఇది. ఈ రోజుకు ఆపరేషన్‌కూ, స్టెరాయిడ్లకూ రెండింటికీ ఒప్పుకోవద్దు. ముందుగా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయించి, దాని ద్వారానే క్లోమం నుంచి ముక్క తీయించి పరీక్షకు పంపించండి. అందులో క్యాన్సర్ కణాలు కనిపించకపోయి, స్కాన్ తీరు కూడా ఆటోఇమ్యూన్ జబ్బుకు సరిపోతే, అప్పుడు కచ్చితంగా రెండు వారాల గడువు పెట్టుకుని స్టెరాయిడ్లు ఇచ్చి, మళ్లీ స్కాన్ తీసి చూడాలి. ఈ మొత్తానికి నాలుగు వారాలు పడుతుంది. స్టెంట్ వేశారు కాబట్టి, జ్వరం, చలి లేనంతవరకు, ఆ నాలుగు వారాలు మీ చేతిలో ఉన్నాయి. అంతకు మించి తేల్చకుండా కాలం గడపడం మాత్రం ప్రమాదకరం.

ఇలా ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

మన శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే క్లోమం మీదికి తిరగబడితే వచ్చే జబ్బు ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్. మద్యంతోనూ, పిత్తాశయంలో రాళ్లతోనూ సంబంధం లేని క్లోమం వాపును 1961లోనే ఫ్రాన్స్‌లో సార్ల్ బృందం వర్ణించింది. ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ అన్న పేరు 1995లో జపాన్ వైద్యుడు యోషిదా బృందం పెట్టింది. ఈ రోగుల రక్తంలో ఐజీజీ4 అనే ప్రతిరక్షకం పెరుగుతుందని 2001లో హమానో బృందం చూపించిన తరువాతే ప్రపంచమంతటా దీనిని గుర్తించడం మొదలైంది. క్లోమం తల దగ్గర వాచి, అందులోనుంచి పోయే పిత్తనాళాన్ని నొక్కేయడం వల్ల నొప్పి లేని కామెర్లు వస్తాయి. సరిగ్గా క్లోమం క్యాన్సర్ కూడా అరవై ఏళ్ల మనిషిలో ఇలాగే మొదలవుతుంది. బరువు తగ్గడం, కొత్తగా షుగర్ రావడం రెండింటిలోనూ ఉంటాయి. వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది.

మరొక మాట కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ రెండింటిలో క్యాన్సరే చాలా ఎక్కువ. క్యాన్సర్ అనుమానంతో క్లోమం తీసివేసినవారి ముక్కలను పరిశీలిస్తే, నూటికి రెండు నుంచి ఐదుగురిలో అది ఆటోఇమ్యూన్ జబ్బని తేలినట్లు పెద్ద కేంద్రాల అనుభవాలు చెబుతున్నాయి. అంటే మిగిలిన చాలామందికి ఆపరేషన్ అవసరమైనదే. మీ సర్జన్ గారి తొందరలో అర్థముంది. స్కాన్‌లో స్పష్టంగా క్యాన్సర్ కనిపిస్తూ, తీయడానికి వీలున్న స్థితిలో ఉంటే ముక్క పరీక్ష లేకుండానే ఆపరేషన్‌కు వెళ్లడం ఆమోదిత పద్ధతే. మీ నాన్నగారి విషయంలో ఐజీజీ4 కొంత పెరిగింది కాబట్టి, అనుమానానికి తావు ఉంది కాబట్టి, ముందు ముక్క పరీక్ష చేయించమంటున్నాను. విప్పుల్‌లో క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత భాగం తీసేస్తారు, కొందరిలో జీర్ణాశయం కింది భాగం కూడా పోతుంది. మాత్రలతో తగ్గే జబ్బుకు అంతటి ఆపరేషన్ జరగకూడదు.

ఇప్పుడు ఆ 198 సంగతి. సాధారణంగా పై హద్దు డెసిలీటరు రక్తద్రవానికి 135 మిల్లీగ్రాములుగా తీసుకుంటాం. హద్దుకు రెండింతలు, అంటే 270 దాటితే ఆటోఇమ్యూన్ జబ్బు వైపు గట్టిగా మొగ్గుతాం. హద్దుకూ రెండింతలకూ మధ్య ఉన్న అంకె బలహీనమైన సాక్ష్యం మాత్రమే. క్లోమం క్యాన్సర్ ఉన్నవారిలో కూడా దాదాపు పదిమందిలో ఒకరికి ఐజీజీ4 కొద్దిగా పెరుగుతుంది. మరోవైపు నిజంగా ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవారిలో కొందరికి ఇది మామూలుగానే ఉంటుంది. కాబట్టి ఈ ఒక్క అంకె చూసి మందు మొదలుపెట్టడం కానీ, కత్తి పట్టడం కానీ తగదు. క్లోమం క్యాన్సర్ అనుమానంలో చేసే సీఏ 19-9 రక్త పరీక్ష కూడా అంతే. పిత్తం ఆగిపోయినప్పుడు ఏ కారణంతో ఆగినా అది పెరుగుతుంది. స్టెంట్ వేసి, రక్తంలో కామెర్లు తెచ్చే బిలిరుబిన్ దిగాక మళ్లీ చేయించిన సీఏ 19-9కే విలువ ఎక్కువ. మీరు పంపిన రిపోర్టు స్టెంట్‌కు ముందుది, దానిని చూసి భయపడకండి, ఊరట కూడా పొందకండి.

అంకెల కన్నా నేను ఎక్కువసేపు చూసేది సీటీనే. అందుకే మీ మొదటి పని, ఆ సీటీ ఏ పద్ధతిలో తీశారో కనుక్కోవడం. క్లోమం కోసం తీసే సీటీలో రక్తనాళంలోకి మందు ఎక్కించాక వేర్వేరు సమయాల్లో కనీసం రెండుసార్లు బొమ్మలు తీయాలి. చిన్న ఊళ్లలో చాలాసార్లు ఒక్కసారే తీసి రిపోర్టు ఇస్తుంటారు, అందులో ఈ రెండు జబ్బుల తేడా పట్టుకోవడం కష్టం. ఆటోఇమ్యూన్ జబ్బులో క్లోమం మొత్తం నిండుగా ఉబ్బి, అంచుల్లో ఉండే సహజమైన గతుకులు పోయి, నున్నగా సాసేజ్‌లాగా కనిపిస్తుంది. దాని చుట్టూ సన్నని నల్లని అంచు, గవుసెన తొడిగినట్టు, కొందరిలో ఉంటుంది. ఎక్కించిన మందును ఆలస్యంగా పట్టుకుంటుంది. క్లోమనాళం చాలా దూరం సన్నబడినా, దాని వెనుక భాగం ఉబ్బదు. క్యాన్సర్‌లో గడ్డ దగ్గర నాళం ఒక్కసారిగా తెగినట్టు ఆగిపోయి, వెనుక నాళం వెడల్పై, తోక వైపు క్లోమం ఎండిపోయినట్టు ఉంటుంది. మీ నాన్నగారి రిపోర్టులో నాళం వెడల్పు గురించి ఒక్క మాట కూడా లేదు. పిత్తనాళం వెడల్పు రాశారు, క్లోమనాళం ఊసే లేదు. ఫిల్ములు కాదు, సీడీ తీసుకుని క్లోమం జబ్బులు నిత్యం చూసే రేడియాలజిస్టు చేత మళ్లీ చదివించండి. అనుమానం మిగిలితే ఎంఆర్‌సీపీ, అంటే ఈ నాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్, చేయించవచ్చు. క్లోమం అంతా వాచకుండా తల దగ్గర మాత్రమే గడ్డలా ఏర్పడే రకమూ ఈ జబ్బులో ఉంది, మీ నాన్నగారిది అదే కావచ్చు. దానిని స్కాన్ మీదే తేల్చడం అనుభవజ్ఞులకు కూడా సాధ్యం కాదు.

పెట్ స్కాన్ చేయించమని కూడా కొందరు అంటారు. క్యాన్సర్‌లోనూ, ఈ వాపులోనూ రెండింటిలోనూ క్లోమం వెలుగుతుంది, కాబట్టి తేడా తెలుసుకోవడానికి దాని మీద ఆధారపడవద్దు.

శరీరంలో ఇంకెక్కడైనా ఈ జబ్బు జాడ ఉందేమో వెతకడం మాత్రం డబ్బు ఖర్చు లేని పరీక్ష, దానికే చాలామంది సమయం ఇవ్వరు. ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్‌లో రెండు రకాలున్నాయి. ఐజీజీ4తో ముడిపడిన మొదటి రకం ఒంటరి జబ్బు కాదు. ఐజీజీ4 సంబంధిత వ్యాధి అనే పెద్ద జబ్బులో అదొక భాగం. లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, పిత్తనాళాలు, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, పొట్ట వెనుక భాగం, వీటిలో ఎక్కడైనా అది తేలవచ్చు. కొన్నేళ్ల క్రితం మిర్చి వ్యాపారం చేసే ఒక పెద్దాయన కామెర్లతో నా దగ్గరికి వచ్చారు. ముంజేతి మీద రూపాయి బిళ్లంత వాత ఇంకా పచ్చిగానే ఉంది. ఊళ్లో ఎవరో కామెర్లకు పెట్టారట. ఆయన దవడల కింద రెండు వైపులా నిండుగా ఉంది. లావు మనిషి కాబట్టి ఇంట్లోవాళ్లెవరూ పట్టించుకోలేదు. ఆధార్ కార్డు అడిగి తీసుకుని, అందులోని ఫొటోను ఆయన ముఖం పక్కన పెట్టి చూశాను. నాలుగేళ్ల క్రితంనాటి ఆ ఫొటోలో దవడ కింద పల్లం స్పష్టంగా ఉంది. వేలితో నొక్కితే నొప్పి లేదు, రెండు గ్రంథులూ రబ్బరులా గట్టిగా ఉన్నాయి. కళ్లు పొడిబారుతున్నాయని, అన్నం ముద్ద నీళ్లు తాగితే కానీ దిగడం లేదని అడిగాక చెప్పారు. ఐజీజీ4 పరీక్షలో 600 దాటింది. సీటీలో క్లోమం మొత్తం ఉబ్బి ఉంది. ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదని తేలాక స్టెరాయిడ్లు ఇస్తే, రెండు వారాలకు తీసిన స్కాన్‌లో క్లోమం దాదాపు మామూలు మందానికి వచ్చింది. ఆరు వారాల తరువాత స్టెంట్ తీసేశాం. మీరు కూడా ఈ రోజే మీ నాన్నగారి పాత ఫొటోలు తీసి, కనురెప్పలు, దవడ కింది భాగం పోల్చి చూడండి. తేడా ఉంటే వైద్యుడికి చూపించండి.

ఇక ముక్క పరీక్ష. నోటి ద్వారా ఎండోస్కోప్ దించి, జీర్ణాశయం గోడ అవతల ఉన్న క్లోమాన్ని అల్ట్రాసౌండ్‌తో చూస్తూ సూది వేస్తారు. కణాలు మాత్రమే పీల్చే సన్న సూది క్యాన్సర్‌ను పట్టుకోవడానికి పనికొస్తుంది. ఆటోఇమ్యూన్ జబ్బు నిర్ధారణకు కణజాలం అల్లిక చెదరకుండా ముక్కగా రావాలి, అందుకు వేరే సూదులున్నాయి. ముందే అడిగి ఆ సూదితో చేయించుకోండి. ప్యాథాలజిస్టుకు ఈ అనుమానం ఉందని కాగితంపై రాయించండి. రాయకపోతే ఐజీజీ4 రంగు పరీక్ష చేయరు. లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు గుంపులుగా చేరడం, పీచు కణజాలం చాప అల్లికలా సుడులు తిరగడం, చిన్న సిరలు పూడుకుపోవడం, ఐజీజీ4 పట్టిన కణాలు సూక్ష్మదర్శినిలో ఒక్కో చూపు వైశాల్యానికి పదికి మించి ఉండటం దీని గుర్తులు. ఒక్క మాట బాగా గుర్తుంచుకోండి. ముక్కలో క్యాన్సర్ కనిపించలేదంటే, ఆ సూది దిగిన చోట క్యాన్సర్ కనిపించలేదని మాత్రమే అర్థం. స్కాన్ గట్టిగా అనుమానం రేపుతుంటే రెండోసారి సూది వేయించడానికి వెనుకాడకూడదు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఒక తల్లి. వేరేచోట ఐజీజీ4 కొద్దిగా ఎక్కువ ఉందని చూసి, ముక్క పరీక్ష లేకుండా ఆమెకు స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. అప్పటికే స్టెంట్ ఉంది కాబట్టి కామెర్లు తగ్గాయి, స్టెరాయిడ్ వల్ల ఆకలి పెరిగింది, మనిషి కాస్త తేరుకున్నట్టు కనిపించింది. మందు పని చేస్తోందని అందరూ సంతోషించారు. మళ్లీ స్కాన్ తీయలేదు. రెండు నెలల తరువాత వెన్నునొప్పితో నా దగ్గరికి వచ్చేసరికి గడ్డ రక్తనాళాలను చుట్టేసి, ఆపరేషన్‌కు అందకుండా పోయింది. ఆ రెండు నెలలు ఆమెకు తిరిగి ఇవ్వగలిగినవారు ఎవరూ లేరు. అందుకే అంటున్నాను, స్టెరాయిడ్ పనిచేసిందా లేదా అన్నది ఆకలిని బట్టి, కామెర్లను బట్టి కాక, స్కాన్‌లో క్లోమం వాపు తగ్గడాన్ని, సన్నబడిన నాళం తెరుచుకోవడాన్ని బట్టే తేల్చాలి. రెండు వారాల్లో స్కాన్‌లో స్పష్టమైన మార్పు లేకపోతే, లేదా సీఏ 19-9 పెరుగుతూ పోతే, మందు ఆపి సర్జన్ దగ్గరికి వెళ్లాలి. అప్పుడు ఇంకొన్నాళ్లు చూద్దామన్న మాట ఎవరు చెప్పినా వినవద్దు.

స్టెరాయిడ్ల మోతాదు విషయంలో జపాన్ పద్ధతి కిలో బరువుకు 0.6 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్‌తో మొదలుపెడుతుంది, అంటే మీ నాన్నగారికి సుమారు 36. అమెరికాలో ఎక్కువగా వాడే పద్ధతిలో అందరికీ 40. ఆచరణలో పెద్ద తేడా లేదు. నాలుగు వారాలు అదే మోతాదులో ఉంచి, ఆ తరువాత వారానికి 5 చొప్పున తగ్గిస్తే పదకొండు వారాలకు పూర్తవుతుంది. మధ్యలో బాగుందనిపించి సొంతంగా మానేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. వారాల తరబడి స్టెరాయిడ్ వాడిన శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించుకుంటుంది, ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటి ప్రమాదాలు వస్తాయి.

మన ప్రాంతంలో మొదలుపెట్టే ముందు మరికొన్ని చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం క్షయ. క్లోమంలోనే క్షయ వచ్చి, గడ్డలా కనిపించి, కామెర్లు తెప్పించిన రోగులను నేను చూశాను. క్యాన్సర్ అనుకుని వచ్చి, ముక్క పరీక్షలో క్షయ అని తేలి, మందులతో పూర్తిగా కోలుకున్న ఒక యువకుడు ఇప్పటికీ ఏడాదికోసారి పలకరించి వెళతాడు. అతనికి స్టెరాయిడ్లు ఇచ్చి ఉంటే క్షయ ఒళ్లంతా పాకేది. కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష చేయించండి, తీసిన ముక్కను క్షయ కోసం కూడా పంపమనండి. హెపటైటిస్ బి ఉందేమో చూడాలి. అది నిద్రాణంగా ఉన్నవారిలో స్టెరాయిడ్లతో తిరగబెట్టి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎముకల బలానికి కాల్షియం, విటమిన్ డి ఇవ్వాలి, కళ్ల పరీక్ష ఒకటి చేయించాలి.

షుగర్ గురించి మీరు ఆందోళనగా రాశారు. మొదటి వారాల్లో స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరుగుతుంది, ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, కాబట్టి పరగడుపు పరీక్ష ఒక్కటే చూసి బాగుందనుకోవద్దు. కొన్నాళ్లు ఇన్సులిన్ అవసరం కావచ్చు. అయితే ఇది నిజంగా ఆటోఇమ్యూన్ జబ్బే అయితే, వాపు తగ్గాక కొందరిలో షుగర్ ముందున్నదానికన్నా మెరుగవుతుంది.

మీరు వ్యాఖ్యలో అడిగిన రెండో రకం గురించి తక్కువ మాటల్లో చెబుతాను, ఎందుకంటే మీ నాన్నగారి వయసుకు అది అంతగా సరిపోదు. అది చిన్న వయసులో వస్తుంది, ఐజీజీ4 మామూలుగా ఉంటుంది, పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కోలైటిస్ వంటి జబ్బులతో కలిసి వస్తుంది, ఇతర అవయవాలకు పాకదు. ముక్క పరీక్ష లేనిదే దానిని నిర్ధారించలేం. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఒకరు పదేపదే కడుపునొప్పితో వస్తే, విరేచనాల్లో రక్తం పడుతోందన్న సంగతి సిగ్గుపడి చెప్పకపోవడంతో నాకే మూడు నెలలు దారి తెలియలేదు. ఆ రకం స్టెరాయిడ్లకు లొంగాక తిరగబెట్టడం అరుదు.

మొదటి రకం అలా కాదు. దాదాపు అందరికీ స్టెరాయిడ్లతో తగ్గుతుంది, కానీ ముగ్గురిలో ఒకరికైనా, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువమందికి, తిరగబెడుతుంది, పిత్తనాళాలు కూడా దెబ్బతిన్నవారిలో మరింతగా. అందుకే జపాన్‌లో రోజుకు 2.5 నుంచి 5 మిల్లీగ్రాముల చిన్న మోతాదును మూడేళ్ల దాకా కొనసాగించే పద్ధతి ఉంది. నా రోగుల్లో మొదటిసారికి నేను ఆపి చూస్తాను, తిరగబెట్టే లక్షణాలు ఎక్కువ ఉన్నవారికి మాత్రం కొనసాగిస్తాను. దీనిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. తిరగబెడితే మళ్లీ స్టెరాయిడ్లు పనిచేస్తాయి. వాటికి తోడుగా రక్షణ వ్యవస్థను అణచే అజాథయోప్రిన్ వంటివి ఇస్తాం. ఆ మందు భారతీయుల్లో కొందరికి జన్యు తేడా వల్ల తెల్లకణాలను ప్రమాదకరంగా పడగొడుతుంది, కాబట్టి ఎన్‌యూడీటీ15 అనే జన్యు పరీక్ష అడగండి, అందుబాటులో లేకపోతే రెండు వారాలకోసారి రక్త పరీక్షలు తప్పవు. స్టెరాయిడ్లు పడనివారికి రిటుక్సిమాబ్ 1000 మిల్లీగ్రాములు పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు ఇస్తాం. దాని ఖర్చు ఎక్కువ. ఐజీజీ4 వ్యాధి కోసమే ఇనెబిలిజుమాబ్ అనే మందుకు 2025 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. మీ నాన్నగారికి ఇప్పుడు దాని గురించి ఆలోచించవలసిన అవసరం లేదు. ప్రెడ్నిసలోన్ రోజుకు కొద్ది రూపాయల మాత్ర.

పసరు మందు ఇవ్వకండి. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరు వస్తుంది. మీ నాన్నగారివి నాళం మూసుకుని వచ్చిన కామెర్లు. పైగా కొన్ని ఆకులు కాలేయాన్ని దెబ్బతీస్తే, ఆ బిలిరుబిన్ దేనివల్ల పెరిగిందో మాకూ తెలియకుండా పోతుంది. బంధువుల ప్రేమను కాదనలేకపోతే, నిర్ధారణ అయ్యేదాకా డాక్టరుగారు ఏమీ ఇవ్వవద్దన్నారని నా మాటగా చెప్పండి.

మలం జిడ్డుగా, నీటిపై తేలుతూ ఉంటే, క్లోమం ఎంజైములు చాలడం లేదని అర్థం. ఎంజైమ్ క్యాప్సూళ్లు ఇస్తారు. అవి భోజనానికి అరగంట ముందో, అయ్యాకో కాదు, మొదటి ముద్దతోనూ మధ్యలోనూ వేసుకోవాలి. బరువు మళ్లీ పెరగడానికి ఇది చాలా తోడ్పడుతుంది.

చివరిగా స్టెంట్. ప్లాస్టిక్ స్టెంట్ సుమారు మూడు నెలలకు పూడుకుపోతుంది, ఆ లోపు మార్చాలి లేదా తీసేయాలి. జబ్బేమిటో తేల్చే హడావుడిలో దాని సంగతి మరచిపోయి, చలిజ్వరంతో అర్ధరాత్రి వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. స్టెంట్ వేసిన తేదీని మీ నాన్నగారి ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో ఈ రోజే రాయండి. వణుకుతో జ్వరం వచ్చినా, కళ్లు మళ్లీ పచ్చబడినా, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ముక్క పరీక్ష ఫలితం వచ్చాక సీటీ రెండో రిపోర్టుతో కలిపి ఇక్కడే రాస్తే, చదివి నా అభిప్రాయం చెబుతాను.